పడవ విప్పే రేవు

ఒక నది, నది నడుమ ఒక లంక, ఇవతలి ఒడ్డున ఒక రేవు. రేవుకు ఒకే ఒక్క పెద్ద పడవ.

ఆ రేవులో ఒక ఆనవాయితీ ఉండేది. పడవలో ఒక్క పలక పాడైనా సరే, మొత్తం పడవ విప్పేస్తారు. బంగారంలాంటి పలకల్ని కూడా ఊడదీసి, తుడిచి, మళ్లీ మేకులు కొట్టి బిగిస్తారు. విప్పడానికి రెండు రోజులు, బిగించడానికి నాలుగు. ఆ తరవాత తొమ్మిది మంది పరీక్షకులు రోజుకొకరు చొప్పున వచ్చి చూస్తారు. ఒకరు చూస్తున్నంతసేపూ మిగతా ఎనిమిది మంది పాకలో నడుం వాలుస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆనవాయితీలో నిద్రపోవద్దని ఎక్కడా లేదు మరి.

ఇదంతా ఊరికే పుట్టలేదు. ఎప్పుడో ఒకసారి ఒక్క పలక మార్చి పడవ వదిలితే, దాని పక్క పలక మేకు దగ్గర కుళ్లి ఉండి, నడి ఏట్లో ఏడుగురు పోయారు. ఆ ఏడుగురి భయం రేవులో అలాగే ఉండిపోయింది. భయం మంచిదే. కానీ దేనికి భయపడుతున్నామో మరిచిపోయి భయపడటం ఆ రేవుకు అలవాటైపోయింది.

ఆ ఏడాది ఎగువన వానలు ముందే మొదలయ్యాయి. రేవులో మాత్రం ఎండ మండిపోతూనే ఉంది. సరిగ్గా అప్పుడే పడవ రాతికి కొట్టుకుని అడుగు పలక ఒకటి చీలింది. మర్నాడే ఎగువ నుంచి కబురు వచ్చింది, వరద బయలుదేరిందని, ఆరో రోజు దాటితే లంక ఉండదని.

లంకలో రెండు వందల మంది ఉన్నారు. వాళ్లలో పడవలు కట్టే మేస్త్రమ్మ చెల్లెలు ఒకతి. కిందటేడే పెళ్లయి అక్కడికి కాపురానికి వెళ్లింది.

మేస్త్రమ్మ వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. పదిహేను రోజులు తేలింది. అయినా కొంగు బిగించి రేవు పెద్ద దగ్గరకు వెళ్లింది.

"పదిహేనంటే పదిహేనే," అన్నాడు పెద్ద. "చెల్లెలుందని నీళ్లతో ఆటలాడతావా?"

"మీరన్నట్టే చేస్తే పడవ భేషుగ్గా ఉంటుంది బాబుగారూ. ఎక్కడానికే మనుషులుండరు."

పెద్ద లంక వైపు ఒకసారి చూసి, "ఏమన్నా చేసుకో. పరీక్షల్లో ఒక్కటి తగ్గినా పడవ కదలదు," అన్నాడు.

"తొమ్మిదీ ఉంటాయి," అంది మేస్త్రమ్మ.

ఆమె చీలిన పలకకు కుంకుమ పెట్టింది. ఆ పలకతో మేకు పంచుకున్న పలకలు ఏవేవో పడవ కిందికి పాక్కుంటూ వెళ్లి వెతికి, వాటికి పసుపు రాసింది. మొత్తం ఐదు తేలాయి. "ఈ ఐదూ విప్పండి. మిగతావాటి జోలికి వెళ్లకండి," అంది. వడ్రంగులు ముక్కున వేలేసుకున్నారు. కానీ రెండో రోజు పొద్దుగూకేసరికి పడవ బిగిసి నిలబడింది.

మూడో రోజు పరీక్షకులందరినీ పాకలోంచి ఒక్కసారే లేపింది. అక్కడ మాత్రం ఆమే పొరపాటు పడింది. అందరినీ కలిపి పడవలోకి తోసేసింది. కుండలతో నీళ్లు కుమ్మరించే అతను కుమ్మరించిన నీళ్లకు, బరువు చూసే అతని ఇసుక మూటలన్నీ తడిసి రెట్టింపు బరువెక్కాయి. పడవ ఒక పక్కకు ఒరిగింది. చుక్కాని చూసే అతను ఏట్లో పడ్డాడు. పాకలో పడుకుంటేనే నయమని అందరూ మూతి ముడుచుకున్నారు.

మేస్త్రమ్మకు ఏడుపొచ్చింది. ఒక రోజు పోయింది. కళ్లు తుడుచుకుని కూర్చుని, ఎవరి పని ఎవరికి అడ్డమో ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకుంది. చుక్కానికీ తెడ్లకూ గొడవ లేదు. నీళ్ల కుండలకూ ఇసుక మూటలకూ మాత్రమే పడదు. ఆ ఇద్దరినీ విడదీసి, మిగతావాళ్లను పక్కపక్కన పనికి పెట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఎనిమిది పరీక్షలు ముగిశాయి.

మిగిలింది అరచేతి తాత. ఆయన పడవలో కూర్చుని, పలకల అతుకు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఒక్క మాట చెబుతాడు. నీరు అనో, పొడి అనో. ఒకే పడవకు ఒకనాడు నీరంటాడు, మర్నాడు పొడి అంటాడు. అందుకని రేవులో ఆయన మాట ఎవరూ పట్టించుకోరు. నీరంటే మర్నాడు మళ్లీ అడుగుతారు, పొడి అనేదాకా అడుగుతారు. పొడి అన్నాక మళ్లీ అడిగినవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

ఆ మధ్యాహ్నం ఇసుక మూటలు ఇంకా పడవలో ఉండగానే తాత, "నీరు," అన్నాడు.

"చాదస్తం. రేపు పొద్దున అడగండి," అన్నాడు రేవు పెద్ద.

ఐదో రోజు పొద్దున తాత, "పొడి," అన్నాడు. రేవంతా ఒక్కసారి హమ్మయ్య అనుకుంది. తెడ్లు అందుకున్నారు.

"ఆగండి," అంది మేస్త్రమ్మ. "ఇసుక మూటలు వేయండి. మధ్యాహ్నం మళ్లీ అడుగుదాం."

పెద్దకు ఒళ్లు మండిపోయింది. "రోజులు మిగిల్చిందీ నువ్వే, తగలేసేదీ నువ్వేనా? అక్కడున్నది నీ చెల్లెలు కాదూ?"

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. ఎగువ నీరు ఎర్రగా మారుతోంది. ఆమె లంక వైపు చూడకుండా తాత పక్కన కూర్చుంది. "తాతా, నీకు నిజంగా తెలుస్తుందా?"

"నాకేం తెలుసమ్మా? చేతికి తగిలింది చెబుతా."

ఎండెక్కింది. తాత, "నీరు," అన్నాడు. మేస్త్రమ్మ ఆయన చేతిని తీసేసి, అక్కడ తన చెయ్యి పెట్టింది. తడి తగిలింది.

పై వరస పలకలు ఎండకు నూలుపోగంత ముడుచుకుంటున్నాయి. ఖాళీ పడవకు అవి నీటికి పైనే ఉంటాయి. మనుషులెక్కితే కిందికి దిగుతాయి. పొద్దునపూట చల్లదనానికి మళ్లీ బిగుసుకుంటాయి. ఇన్నేళ్లూ తాత అబద్ధం ఆడలేదు. ఆయన్ని అడిగే వేళలే మారాయి.

సాయంత్రంలోగా పై అతుకులన్నిటిలో కొబ్బరిపీచు కూరి గుగ్గిలం పోశారు. ఆరో రోజు తెల్లవారగానే పడవ బయలుదేరింది. నీరు లంక గట్టంచుదాకా వచ్చి ఉంది. పడవ నాలుగు సార్లు వెళ్లి నాలుగు సార్లూ నిండుగా వచ్చింది. ఆఖరి మనిషి ఇవతల దిగిన కాసేపటికి లంక ఉన్నచోట నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

రేవులో అందరూ ఒకరినొకరు కావిలించుకుని ఏడ్చారు. పరీక్షకులు తాతను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆఖరి విడతలో వచ్చిన చెల్లెలు పరుగెత్తుకొచ్చి మేస్త్రమ్మ ముందు నిలబడింది. మేస్త్రమ్మ తల వంచుకుని ఉంది.

"పలకరించడం మానేసి నా కాళ్ల వంక చూస్తావేమిటే అక్కా?"

"ఎడమ కాలు తడిసిందేం?"

"నేను గట్టు మీంచి పొడి కాళ్లతోనే ఎక్కాను. దారిలో తడిసింది. తడిస్తే ఏమైంది?"

"ఎక్కడ కూర్చున్నావు?"

"ముందువైపు, ఎడమ అంచున. ప్రాణాలతో వచ్చాను కదే, చాలదూ?"

మేస్త్రమ్మ చెల్లెల్ని ఒంటిచేత్తో గట్టిగా గుండెలకు హత్తుకుంది. రెండో చెయ్యి చాచి వడ్రంగుల్ని పిలిచింది. "ముందువైపు, ఎడమ పక్క. ఆ ఒక్క పలకా, దాంతో మేకు పంచుకున్నవీ."

రేవు పెద్ద కళ్లొత్తుకుంటూ వచ్చాడు. మొదటిసారిగా ఆయన గొంతు మెత్తబడింది. "జనమంతా ఒడ్డెక్కారు తల్లీ. ఇవాళ్టికి వదిలెయ్. ఆ పలక సంగతి రేపు పొద్దున చూద్దాం."

"రేపు పొద్దుటికి అది పొడిగా ఉంటుంది బాబుగారూ," అని మేస్త్రమ్మ సుత్తి అందుకుంది.