పేరాచారి చిత్రిక మిషను ధర

మా కోటిపల్లిలో పాత మిషన్లకి బేరాల్లేవండి. మా గురువు కాసిం సాయిబుగారొచ్చి ఎంతంటే అంతే. ఆయన చూడరు, వింటారు. కళ్ళు మూసుకుని మిషను వేయిస్తారు, కట్టేయిస్తారు, బ్లేడు ఆగేదాకా విని రేటు చెబుతారు.

నేనాయన శిష్యుణ్ణి. గోదారి జిల్లాల్లో నా అంత వడ్రంగి లేడు. నేను గీసిన బల్ల మీద ఈగ వాలితే కాలు జారి పడేది. నవ్వకండి, చూసినోళ్ళున్నారు. ఎంతుండి ఏం లాభం, సొంత కొట్టు లేదు. చేతిలో ముప్పై వేలే ఉన్నాయి.

అప్పుడే మా ఊళ్ళో పెద్ద వడ్రంగి పేరాచారి పోయాడు. ఆయన పెళ్ళాం సూరీడమ్మ, చెక్క నున్నగా గీసే చిత్రిక మిషను అమ్మకానికి పెట్టింది. ఇక ఆవిడకి ఆధారం అదొక్కటే. డెబ్బైకి తక్కువ పలకదది.

సాయిబుగారు రేటు కట్టడానికి వచ్చే ముందురోజే వెళ్ళాను, ఓసారి చూసిపోతానక్కా అని. ఆవిడ లోపలికెళ్ళగానే బేరింగులో చిటికెడు గోదారి ఇసక పోశాను. మిషను కీచుమంటే రేటు పడిపోద్ది కదా!

మర్నాడు మధ్యాన్నం షెడ్డుకెళ్ళాం. సాయిబుగారు స్టూలు మీద కూర్చుని కళ్ళు మూశారు.

"ఎయ్యరా అబ్బులూ."

వేశాను. కీచు లేదు, గరగర లేదు. నిద్దరోతున్న మనిషి ఊపిరిలా తిరిగింది.

కరకరమన్నది నా పళ్ళ కింద. ఉమ్మేశాను. ఇసక! మళ్ళీ నోరు నిండింది.

"కట్టెయ్."

కట్టేశాను. తిరుగుతానే ఉంది. సూరీడమ్మ ఇచ్చిన టీ మీద మీగడ కట్టింది. తిరుగుతానే ఉంది. ప్లగ్గు పీకి చేత్తో పట్టుకున్నాను. అయినా తిరుగుతానే ఉంది. షెడ్డంతా పచ్చి టేకు వాసన. అక్కడ చూస్తే ఒక్క చెక్క ముక్క లేదు.

సూరీడమ్మ గుమ్మం పట్టుకుని నెమ్మదిగా అంది. "అన్నానికి పిలిస్తే ఆయనా ఇంతేనండి. చేతిలో పని అయితే గానీ ఆపేవాడు కాదు."

సాయిబుగారు కళ్ళు తెరవలేదు. "రేటు ఇయ్యాల నువ్వు చెప్పరా."

"ము... ముప్పై."

మిషను జోరందుకుంది. కాళ్ళ కింద నేల అదిరింది.

"ఎవరికి చెబుతున్నావో చూసి చెప్పు."

చూశాను. చెక్క తోసేవాడు నిలబడే చోట సిమెంటులో రెండు పాదాలంత గుంటలున్నాయి. ఏళ్ళ తరబడి ఒక్కచోటే నిలబడితే అరిగిన గుంటలు. మిషను గాలికి నేల మీది పాత పొట్టు రేగి చుట్టూ రాలుతోంది. ఆ గుంటల్లో మాత్రం ఒక్క రేణువు పడట్లేదు.

"అక్కా..." అన్నాను, ఇసక కక్కుకుంటా. "నిన్న బేరింగులో ఇసక పోశాను. డెబ్బై ఐదు పలుకుద్దిది."

మిషను ఆగింది.

సాయిబుగారు నా చేతికి పానా ఇచ్చారు. బేరింగు విప్పాను. లోపల గ్రీజు వెన్నలా ఉంది. ఇసక ఆనవాలే లేదు.

"డెబ్బై ఐదమ్మా," అన్నారాయన సూరీడమ్మతో. "కొనేవాణ్ణి రేపు పంపిస్తాను."

లేచి, నా మొహంలోకి చూశారు.

"మిషను రేటు తేలిందిరా అబ్బులూ. నీదెంత?"