ఉచిత బురదగుంట

ఎండలకు అడవిలో గుంటలన్నీ ఎండిపోయాక, కొండ కింద మిగిలిన ఒక్క బురదగుంటను నక్క కబ్జా చేసింది. గట్టు మీద కూర్చుని "రండి, దిగడం ఉచితం" అని పొద్దస్తమానం అరిచేది. ఈ ఉచితం అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. గేదెకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. దూడను నీడలో వదిలి పరుగున వెళ్లి దిగింది.

"ఇదేంటి తమ్ముడూ, గిట్టలు కూడా మునగట్లేదు?"

"దిగడం ఉచితమే అక్కా. లోతుకు వెళ్లాలంటే మూడు గురిగింజలు."

"నా దగ్గర గింజలెక్కడివి?"

"నేనిస్తాగా. ముంతెడు పాలియ్యి, గుప్పెడు గింజలు పోస్తా."

గేదె పాలిచ్చి లోతుకు వెళ్లింది. వీపు మీద నీళ్లు చల్లితే ఐదు గింజలు. ఈగలు తోలితే నాలుగు. అటు పొర్లితే రెండు, ఇటు పొర్లితే మళ్లీ రెండు. ప్రతిసారీ ఒకటో రెండో గింజలు తక్కువయ్యేవి, వాటి కోసం ఇంకో ముంత. పాలే అడిగి ఉంటే గేదె కొమ్ము విసిరేది. ఎర్రటి గింజలు పోతుంటే దానికి ఏమీ అనిపించలేదు. నక్క గింజలు పెట్టిందే అందుకు.

తిరిగొచ్చాక దూడ పొదుగును కుమ్మి కుమ్మి, చుక్క రాక తలెత్తింది.

"పాలేవమ్మా?"

"బురదకిచ్చాను."

"ఉచితమన్నావుగా?"

గేదెకు సిగ్గేసింది, వెంటనే చిర్రెత్తింది. దూడను వెంటబెట్టుకుని మళ్లీ గుంట దగ్గరకు నడిచింది.

"ఈగలు తోలితే ఎన్ని పాలు?"

"నాలుగు గింజలక్కా."

"గింజలు కాదు. పాలెన్ని?"

"అలా చెప్పడం కుదరదక్కా."

"వీపు మీద నీళ్లకి?"

"ఐదు గింజలు."

ఎన్నిసార్లు అడిగినా గింజలే. విసిగిపోయిన గేదె గుంట అంచున దిగి, దారికి అడ్డంగా పడుకుంది. వెనక దుంపలు మోసుకొచ్చిన అడవిపందులు ఎండలో నిలబడి గొణుగుతున్నాయి.

"అక్కా, లేవవా? బేరం పోతోంది."

"దిగడం ఉచితమన్నావు, దిగాను. లేవాలంటే నా ధర ముందే చెబుతున్నా, విను. కాలికి ఒక ముంత పాలు. నాలుగు కాళ్లకు నాలుగు ముంతలు. తర్వాత తోకకు వేరే, కొమ్ములకు వేరే అనను."

"గింజలిస్తా అక్కా."

"గింజలు నా దూడ తాగదు."

పందులు కదిలిపోయేలా ఉన్నాయి. నక్క ఏడవలేక, బండ కింద దాచిన ముంతలు ఒక్కొక్కటే తెచ్చి దూడ ముందు పెట్టింది. నాలుగోది ఖాళీ అయ్యాక గేదె అన్న మాట ప్రకారం లేచింది.

ముందున్న పంది అడిగింది. "లోతుకు వెళ్లాలంటే ఎన్ని దుంపలు?"

"మూడు గింజ..."

"దుంపల్లో చెప్పు" అంది గేదె, మళ్లీ మోకాళ్లు వంచుతూ.

నక్క చెప్పింది. అన్ని దుంపలా అని పంది తన దుంపలు నోట కరుచుకుని వెనక్కి తిరిగింది. దాని వెనకే మిగతావన్నీ వెళ్లిపోయాయి.

ఫోన్‌లో ఆటైనా అడవిలో బురదైనా, మనం ఇచ్చేది ఎంతో ముందే చెప్పనివాడి ఉచితంలో కాలు పెట్టకండి.