గుమ్మడికాయలో చుక్కమ్మ

ఒకప్పుడు పెద్దబాతులు నోరు విప్పేవి కావు. మాటలు రాక కాదు, మాట్లాడటం నామోషీ అనుకునేవి. గుంపుకి గుంపు నెత్తిమీదుగా ఎగిరిపోయినా కింద ఎవరికీ చప్పుడు వినిపించేది కాదు. ఒకటి పైన, ఒకటి కింద, ఇంకొకటి ఎక్కడో వెనకాల, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు ఎగిరేవాళ్లు.

“గోల చెయ్యడానికి మనమేమన్నా కాకులమా?” అన్నాడొకసారి మెడయ్య. అంతే, మళ్లీ ఏడాదిదాకా అతను మాట్లాడలేదు. గుంపులో అందరికన్నా పొడుగు మెడ అతనిదే. పద అనాలంటే తల ఊపేవాడు. ఆగు అనాలంటే రెక్క విదిల్చేవాడు.

అతని పెళ్లాం చుక్కమ్మ. ఆవిడ బుగ్గమీద తెల్లటి మచ్చ ఉంది. ఆవిడకి మాట్లాడాలని మహా సరదా, కానీ మొగుడి పరువు పోతుందని ఊరుకునేది. ఊరికే ఉండలేని ఆ నోటికి ఎప్పుడూ ఏదో ఒక తిండి అందిస్తూ ఉండేది.

వేసవంతా ఆ గుంపు ఒక నగరంలో ఉండేది. చుట్టూ కనుచూపు మేర గడ్డిమైదానం. కొండ లేదు, గుట్ట లేదు. మధ్యలో ఒక నది, నది ఒడ్డున ఆ నగరం. చలి మొదలయ్యే ముందు అక్కడి చెట్ల ఆకులన్నీ పసుపు పూసుకున్నట్టు అయిపోయేవి. మంచు పడితే ఇల్లు కదలలేం కదా అని, ఆ రోజుల్లోనే జనం పెద్ద జాతర చేసుకునేవాళ్లు.

ఆ ఏడు జాతర రోజు పొద్దున్నే ఉత్తరపు గాలి రొప్పుకుంటూ వచ్చింది.

“ఏమర్రా, వెచ్చటి చోటుకి ఇంకా బయల్దేరలేదా? నెత్తిమీద మంచు మూట ఉంది నాకు. మెడ పడిపోతోంది. సాయంత్రంలోగా ఇక్కడే దించేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోకండి!”

మెడయ్య గుంపుకేసి తల ఊపాడు. అందరూ రెక్కలు సర్దుకున్నారు.

“ఏమయ్యా, ఒక్క చుట్టు తిరిగొస్తాను,” అని చెవిలో గొణిగింది చుక్కమ్మ. “కాల్చిన మొక్కజొన్న వాసన చూశావా? కడుపు నింపుకుంటే దారిలో ఓపిగ్గా ఉంటుంది.”

మెడయ్య కళ్లతోనే సరే అన్నాడు. త్వరగా రమ్మని కూడా అన్నాడు గానీ, చుక్కమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది.

అబ్బో, ఏం జాతర! ఒకచోట ఫిడేలు వాయిస్తున్నారు. ఒకచోట పిల్లలు ఎండుగడ్డి బండెక్కి కేరింతలు కొడుతున్నారు. దాల్చినచెక్క వేసి కాచిన ఆపిల్ రసం పొగలు కక్కుతోంది. చుక్కమ్మ రాలిన మొక్కజొన్న గింజలు ఏరుకుంది, ఆపిల్ తొక్కలు నమిలింది, ఎవరో పారేసిన రొట్టె అంచు మింగింది. అలా తింటూ తింటూ ఓలెనా అవ్వ దుకాణం దగ్గరికి వచ్చింది.

ఓలెనా అవ్వ గుమ్మడికాయ సూప్ అమ్ముతుంది. ఆవిడ పక్కనే, పైభాగాన చిల్లి పెట్టిన గుమ్మడికాయ ఒకటి ఉంది.

“అవ్వా, లోపల గింజలు నీకు కావాలా?” అని, మొగుడు దగ్గర్లో లేడు కదా అని ధైర్యంగా అడిగింది చుక్కమ్మ.

“గింజలు నేనేం చేసుకుంటానే తల్లీ? తిను. గుజ్జు మాత్రం ముట్టుకోకు,” అని అవ్వ కుండ కలపడానికి అటు తిరిగింది.

చుక్కమ్మ తల దూర్చింది. గింజలు కమ్మగా ఉన్నాయి. ఇంకాస్త దూర్చింది. ఇంకా కమ్మగా ఉన్నాయి. అన్నీ అయ్యాక తల వెనక్కి లాగింది. రాలేదు!

లోపలంతా చీకటి. గుమ్మడికాయని నెత్తిన పెట్టుకుని చుక్కమ్మ అటూ ఇటూ తూలింది. “గుమ్మడి బాతు! గుమ్మడి బాతు!” అని పిల్లలు పడీపడీ నవ్వారు. ఫిడేలాయన ఇది ఆట కాబోలనుకుని ఇంకా హుషారుగా వాయించాడు. చుక్కమ్మ గిరగిరా తిరిగి, దేనికో తట్టుకుని, మెత్తటిదాని మీద పడింది. అది పిల్లలు దిగిపోయిన గడ్డి బండి. పడీపడగానే బండి కదిలింది.

నవ్వులు వెనకబడ్డాయి. ఫిడేలు వెనకబడింది. ఇప్పుడు చక్రాల చప్పుడు ఒక్కటే. కాళ్లమీద ఏదో చల్లగా పడింది. మంచు!

చుక్కమ్మకి గుంపు గుర్తొచ్చింది. వాళ్లు వెళ్లిపోయారా? నా కోసం ఆగారా? తెలిసేదెలా? చెవులు రిక్కించి వింది. పైనుంచి ఏ చప్పుడూ లేదు. వాళ్లు నెత్తిమీద ఉన్నా అంతే, ఊరు దాటిపోయినా అంతే!

అప్పుడు పైనుంచి ఒక అరుపు వినపడింది. ఏళ్ల తరబడి తెరవని తలుపు కిర్రుమన్నట్టు ఉంది.

“చుక్కా! ఉన్నావా?”

ఎవరబ్బా అనుకుంది చుక్కమ్మ. ఆ గొంతు ఎరిగున్నట్టూ ఉంది, ఎరగనట్టూ ఉంది.

“చుక్కా! ఉన్నావా?”

మెడయ్య! పరువూ ప్రతిష్ఠా గాలికొదిలేసి, జాతర జనమంతా తలెత్తి చూస్తుండగా, గొంతు చించుకుంటున్నాడు!

“ఉన్నా!” అని అరిచింది చుక్కమ్మ. ఆ అరుపు గుమ్మడికాయలో గింగిర్లు తిరిగి, బూరా ఊదినట్టు బయటికొచ్చింది.

“ఎక్కడే?”

“నాకేం తెలుసయ్యా! గుమ్మడికాయలో!”

“అరుస్తూనే ఉండు!”

“ఉన్నా! ఉన్నా! ఉన్నా!”

ఆ చప్పుడు పట్టుకుని మెడయ్య బండిమీద వాలాడు. ముక్కుతో ఎంత పొడిచినా కాయ పగల్లేదు. బండి తోలేవాడు బెదిరిపోయి బండి ఆపాడు. ఇంతలో వెనకనుంచి ఓలెనా అవ్వ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“నా గుమ్మడికాయ ఎక్కడికే?” అంటూనే ఒక్కటి వేసింది. కాయ రెండు చెక్కలైంది. చుక్కమ్మ ముఖమంతా గుజ్జే!

“ఇక మోయలేను బాబోయ్!” అంది ఉత్తరపు గాలి.

“ఒక్క క్షణం ఆగు తల్లీ, నీకు దండం పెడతా,” అన్నాడు మెడయ్య. గాలి బిత్తరపోయి ఆ క్షణం ఆగింది. అంత పెద్దమనిషి తనతో మాట్లాడతాడని అది ఎప్పుడూ అనుకోలేదు.

ఇద్దరూ ఎగిరి గుంపులో కలిశారో లేదో, మూట జారిపోయింది. ఆకాశమంతా తెల్లటి మంచు. ఎవరికి ఎవరూ కనబడటం లేదు.

“ఉన్నావా?” అని కేకేశాడు మెడయ్య.

“ఉన్నా!” అంది చుక్కమ్మ. “మరి నువ్వు?” అంది పక్కనున్న బాతుతో.

“ఉన్నా!” అంది అది సిగ్గుపడుతూ. దాని వెనకది కూడా అంది. ఆ వెనకదీ అంది. అలా అడుగుతూ, చెబుతూ, ఒకరికొకరు కనబడేలా పక్కకి జరిగి రెండు వరుసలు కట్టి, ఒక్కరు కూడా తప్పిపోకుండా మంచు దాటేశారు.

అప్పటినుంచే పెద్దబాతులు రెండు వరుసలుగా ఎగురుతాయి. దారి పొడుగునా బూరా ఊదినట్టు అరుస్తూనే ఉంటాయి. ఆకులు పసుపెక్కే రోజుల్లో తలెత్తి వినండి. ముందున్నది “ఉన్నావా?” అంటుంది. వెనకున్నది “ఉన్నా!” అంటుంది.