సాగిపోయిన టమోటా నారు

రెడ్డెప్ప మూట కట్టుకున్నాడు. రెండు పంచెలు, ఒక తువ్వాలు, ఒక జపమాల. ఏళ్ల తరబడి ఆశ్రమంలో ఉన్నవాడి ఆస్తి అంతే. మూట చంకన పెట్టుకుని సిద్దమ్మవ్వ ముందుకొచ్చి నిలబడ్డాడు.

మదనపల్లె దాటాక కొండవాలులో ఉన్న చిన్న ఆశ్రమం అది. సిద్దమ్మవ్వే అక్కడ గురువు. తన గురువుగారి సమాధికి దీపం పెడుతుంది, వచ్చినవాళ్లకు ఇంత ముద్ద పెడుతుంది, పెరట్లో టమోటాలు పండిస్తుంది. ఉపదేశం చెయ్యమంటే మాత్రం "పనుంది నాయనా" అని లేచిపోతుంది.

ఉపదేశాలు రెడ్డెప్ప చెప్పేవాడు. ఎన్ని శ్లోకాలో, ఎన్ని పద్యాలో, అన్నీ కంఠతా వచ్చు. బయటి గాలి తగిలితే ఎక్కడ మరిచిపోతాడో అన్నట్టు పొద్దస్తమానం సమాధి గదిలోనే కూర్చుని వల్లె వేసేవాడు.

ఆ మధ్య ఈశ్వరమ్మ అనే ఆమె ఆశ్రమానికి వచ్చింది. ఆమె కూతురు జ్వరంతో చనిపోయింది. "ఆమె దగ్గర కాసేపు కూర్చో" అంది అవ్వ. ఈ మహానుభావుడు కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకోవచ్చు కదా! దేహం అశాశ్వతమనీ, ఆత్మకు చావు లేదనీ ఊపిరి తిప్పుకోకుండా ఏకరువు పెట్టాడు. ఆమె అంతా విని ఒక్క మాట అడిగింది.

"స్వామీ, నువ్వు ఎప్పుడన్నా ఎవరికోసమన్నా ఏడ్చినావా?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది. అప్పటినుంచి రెడ్డెప్పకు తిండి సహించలేదు.

"నేను పోతానవ్వా" అన్నాడు ఇప్పుడు, చంకలో మూటతో. "ఇన్నేండ్లూ దండగైపాయ. ఒక తల్లికి ఊరట చెప్పలేకపోతి."

"పోదువులే. నీ టమోటా నారు ఉందే, అది నాటేసి పో."

రెడ్డెప్ప తల దించుకున్నాడు. ఆ నారు సంగతి ఇంకో సిగ్గు.

ప్రతి ఏడూ అవ్వ ఆశ్రమంలో అందరికీ తలా ఇన్ని విత్తనాలు ఇస్తుంది. ఈ ఏడూ అందరూ తట్టల్లో చల్లి పెరట్లో ఎండకు పెట్టుకున్నారు. రెడ్డెప్ప మాత్రం తన తట్టను సమాధి గదిలో పెట్టాడు. అంతకన్నా మంచి చోటు ఇంకెక్కడుంది? పైగా రోజూ అభిషేకం నీళ్లు పోశాడు. పెరట్లో నారు బెత్తెడు లేచేసరికి ఇతనిది జానెడు దాటింది. "చూసినారా గురువుగారి మహిమ!" అని అందరినీ పిలిచి మరీ చూపించాడు.

మహిమా లేదు, గిహిమా లేదు. చీకటి గదిలో వెలుతురు కోసం వెతుక్కుంటూ ఆ నారు పాపం సాగిపోయింది. కాడలు దారాల్లా తయారై, ఒకదానిమీద ఒకటి వాలిపోయాయి.

ఎండ తగ్గాక తట్ట తెచ్చి అవ్వ ముందు పెట్టాడు. "ఇది పనికిరాదవ్వా. తన కాళ్లమీద తాను నిలబడలేదు. పారేస్తా."

అవ్వ గునపం తీసుకుని పెరట్లో లోతుగా చాలు తవ్వింది. ఒక మొక్కను వేర్లు తెగకుండా ఎత్తి, కింది ఆకులు గిల్లేసింది. కాడను చాలులో ఏటవాలుగా పడుకోబెట్టి మట్టి కప్పింది. కొసనున్న నాలుగు ఆకులే బయట మిగిలాయి.

"అయ్యో, అంత పొడుగూ పూడ్చేస్తివే!" అన్నాడు రెడ్డెప్ప.

అవ్వ ఇంకో మొక్క అతని చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి తట్ట ఖాళీ చేశారు. మొక్కలకు నీడగా వేపమండలు గుచ్చి, అవ్వ చేతులు దులుపుకుంది.

"వీటికి నీళ్లు పోసేదెవరు? నాకా, నడుము వంగదు. నిలదొక్కుకునేదాకా ఉండి పో."

అప్పటిదాకా వంగి చాలు తవ్విన మనిషే ఆ మాటంది! రెడ్డెప్ప మూట తీసుకెళ్లి మళ్లీ కొక్కేనికి తగిలించాడు.

మండలు తీసేశాక మొక్కలకు ఎండ తగిలింది, గాలి తగిలింది. నీళ్లు మోసే రెడ్డెప్పకూ తగిలాయి. మనిషి నల్లబడ్డాడు. మొక్కలు దిట్టంగా లేచి పూతకొచ్చాయి.

ఒకరోజు అవ్వ అతన్ని పిలిచి, ఒక మొక్క మొదట్లో మట్టిని వేళ్లతో మెల్లగా పక్కకు తీసింది. ఆ రోజు పూడ్చిన కాడ పొడవునా తెల్లటి వేర్లు. కొత్త వేర్లు. రెడ్డెప్ప వాటిని వేలితో తాకి చూశాడు.

"ఇన్ని వేర్లు ఎక్కడివవ్వా?"

"నువ్వు దండగన్నావే, ఆ పొడుగుకు వచ్చినవే."

అవ్వ మట్టి కప్పేసింది. రెడ్డెప్ప చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఈశ్వరమ్మ మళ్లీ వచ్చింది. ఎవరినీ పలకరించకుండా అరుగు మీద కూర్చుంది. రెడ్డెప్ప మట్టి చేతులతోనే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక శ్లోకం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. అడిగాడు.

"అమ్మా, పాప పేరేమి?"

ఆమె అతని వైపు తిరిగింది.

"హేమలత." ఆమె చెప్పుకొచ్చింది, "బడికి పోయేటప్పుడు రెండు జడలూ సమంగా లేకుంటే ఒప్పుకునేది కాదు స్వామీ. మళ్లీ విప్పించి మళ్లీ వేయించుకునేది..."

చెబుతూ చెబుతూ ఆమె నవ్వింది, నవ్వుతూనే భోరుమంది. రెడ్డెప్ప కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలని అతనికి తోచలేదు.

పొద్దు వాలుతోంది. మొక్కలకు నీళ్లు పోసే వేళైందని గుర్తొచ్చి అతను లేవబోయాడు. అప్పటికే అవ్వ బిందె చంకనెత్తుకుంది.

"కూర్చో నాయనా. ఈ పూట నీళ్లు నేను పోస్తా."