ఆదెమ్మ గుక్క

అనగా అనగా, సముద్రం ఇప్పటికంటే రెండింతలు ఉప్పగా ఉండి, చేపలు సైతం గట్టుకొచ్చి మంచినీళ్ళు అడుక్కునే కాలంలో, ఒక రేవు ఉండేది. ఆ రేవు నిండా రాజుగారి యుద్ధనౌకలు. ఒక్కో నౌక ఒక్కో ఊరంత. ముందు కొసన ఉన్నవాడికి పెళ్ళయితే, ఆ కబురు వెనక కొసకి చేరేసరికి వాడికి పిల్లలు పుట్టేవారు. తెరచాపలు ఎత్తితే ఊళ్ళో ఆడవాళ్ళు మిట్టమధ్యాహ్నమే దీపాలు వెలిగించుకునేవారు.

అంతంత నౌకలూ ఒక్క పని మాత్రం చేసుకోలేకపోయేవి. మంచినీళ్ళు తెచ్చుకోలేకపోయేవి. గట్టు దగ్గర లోతు చాలక దూరంగా నిలబడి దిక్కులు చూసేవి. అందుకని వాటి చుట్టూ చిన్న పడవలు తిరిగేవి. తాళ్ళు మోసే పడవ ఒకటి, కూరలు మోసే పడవ ఒకటి, నీళ్ళు మోసే పడవ ఒకటి. యుద్ధాల మీద పాటలు కట్టినవాళ్ళు ఒక్కరూ ఈ మూడింటినీ పాటలో ఎక్కించలేదు.

నీళ్ళ పడవ ఆదెమ్మది. దాని పేరు గేదె. నల్లటి ఒళ్ళు, వెడల్పు పొట్ట, ముందుకి తోస్తే పక్కకి పోయే బుద్ధి. మరేమని పిలుస్తారు? ఆదెమ్మ మొగుడున్నప్పుడు ఆయన తెడ్డు వేసేవాడు, ఆమె నీళ్ళు పోసేది. ఆయన పోయాక రెండూ ఆమే. తెడ్డు వేసి వేసి ఆమె చేతులు తాటిమొద్దులయ్యాయి. నోరు అంతకంటే గట్టిది. ఆమె గట్టు మీద నిలబడి తిడితే సముద్రం మధ్యలో ఉన్నవాడు తలపాగా సర్దుకునేవాడు.

రేవులో ఒక పద్ధతి ఉండేది. ఏ నౌకలో నీళ్ళు నిండుకుంటే ఆ నౌకవాళ్ళు ఖాళీ కుండని బోర్లించి అంచున వేలాడదీసేవారు. కుండ వేలాడితే గేదె కదలాలి. అంతే. ఎవరు, ఏమిటి, ఎందుకు అని లేదు. ఆదెమ్మ పొద్దున్నే లేచి చెయ్యి అడ్డం పెట్టుకుని కుండల కోసమే చూసేది. జెండాల వైపు ఏనాడూ చూడలేదు. చూడాల్సిన పనేముంది? రేవులో ఉన్నవన్నీ ఒక్క రాజు నౌకలే.

ఒక వేసవిలో గాలి చచ్చిపోయింది. పొయ్యిలో పొగ పైకి లేవడానికి బద్ధకించి పొయ్యిలోనే కూర్చుంది. కొంగ ఈక రాల్చితే అది రాలిన చోటే గాలిలో నిలబడిపోయింది. తెరచాపలు తడిబట్టల్లా వేలాడాయి. నౌకలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తెడ్డుతో నడిచే చిన్న పడవలే మిగిలాయి నీళ్ళ మీద తిరగడానికి.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న, ఊట దగ్గర బానలు నింపుకుంటూ ఆదెమ్మ సముద్రం లోపలికొచ్చే రేవు ముఖం వైపు చూసింది. మంచులో మసగ్గా, చాలా దూరంలో ఒక ఓడ. అంచున బోర్లించిన కుండ.

పక్కనే ఆమె తోటికోడలు కన్నమ్మ బాన ఎత్తుతోంది. "అక్కా, అంత దూరంలో ఎవరిదే అది?" అంది.

"కుండ కనపడతంది కదేటి?"

"కనపడతంది."

"ఇంకేటి కావాలి నీకు? పట్టు, పడవలో పెట్టు."

కుండ వేలాడింది, గేదె కదిలింది. ఆదెమ్మ దారి పొడుగునా గేదెని తిడుతూ, ఎండని తిడుతూ, పోయిన మొగుణ్ణి తిడుతూ వెళ్ళి ఆ ఓడ కింద ఆపింది. పైనుంచి తాళ్ళకి కట్టిన చెంబులు దిగాయి. ఆమె నింపింది. చెంబులు పైకెళ్ళాయి, దిగాయి. ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళ పెదాలు ఎండిన పొలంలా పగుళ్ళిచ్చాయి. నాలుకలు చెప్పుల్లా ఉబ్బాయి. తాగినవాడు కూలబడి ఏడుస్తుంటే కన్నీళ్ళు రావడానికి ఇంకో రెండు చెంబులు పట్టాయి.

సగం మంది తాగాక ఆదెమ్మ నడుం పట్టేసి తల పైకెత్తింది. అప్పుడు కనపడింది జెండా. దాని మీద మొసలి. వాళ్ళ రాజు జెండా మీద ఉండేది సింహం.

ఓడ నడిపే సరంగు అంచు మీంచి వంగి చూశాడు. "పెద్దమ్మా, ఎవరమనుకుని వచ్చావు?"

"నేనేటీ అనుకోలేదు. కుండ చూసి వచ్చాను."

"మేము మీ రేవు తగలబెట్టడానికి వచ్చాం. గాలి పోయి ఇరుక్కుపోయాం. ఎవరైనా నీళ్ళు పోస్తారేమోనని కుండ కట్టాం."

"తగలబెట్టడానికి వచ్చినోళ్ళు నీళ్ళు అడుగుతారేటి నాయనా?" అంది ఆదెమ్మ.

అని చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పైన సగం మంది మూతులు తుడుచుకుంటున్నారు. మిగతా సగం మంది గూట్లో పిట్టపిల్లల్లా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఇదేం చిక్కు తెచ్చుకున్నానా అని ఆమె గేదె పొట్ట మీద కాలితో ఒక్కటి తన్నింది. కానీ సగం పంక్తికి వడ్డించి, మిగతా సగానికి విస్తళ్ళు లాగేసే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? ఆదెమ్మ లేచి మళ్ళీ పోసింది.

ఖాళీ బానలతో ఆమె తిరుగుతుంటే సరంగు మెల్లగా అడిగాడు. "లోపల ఎన్ని నౌకలున్నాయి పెద్దమ్మా?"

"మీ ఓడలో ఎందరున్నారో నేనడిగానా? నోర్ముయ్."

మర్నాడు పొద్దున్న మళ్ళీ కుండ వేలాడింది.

కన్నమ్మ ఊట దగ్గర గట్టిగా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నిన్నంటే పొరపాటు. ఇయ్యాళ కూడా పొరపాటని చెప్పుకుంటావేటి?"

"చెప్పుకోను."

"మరి?"

"మరేటి. కుండ వేలాడతంది."

గేదె కదిలింది. ఆమె వస్తుంటే ఆ ఓడవాళ్ళు ఈటెలు తీసుకెళ్ళి అటువైపు అంచున పెట్టారు. సరంగు మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని నిలబడ్డాడు. "పెద్దమ్మా, మీ రేవు తగలబెట్టినా నీ పడవ జోలికి మాత్రం రాను," అన్నాడు.

"నా పడవ నానీ నానీ ఉంది, నువ్వు పెట్టినా అంటుకోదు. నా గుడిసె మాటేటో చెప్పు."

సరంగు నవ్వాడు. ఓడంతా నవ్వింది. తర్వాత అందరూ నీళ్ళు తాగారు.

ఆ కబురు శంకర పాత్రుడికి చేరింది. రేవుకి అధికారి ఆయన. ఆయన మీసం ఎంతదంటే, ముందు మీసం గుమ్మం దాటి వచ్చేది, జనం లేచి దణ్ణం పెట్టేవారు, ఆయన తర్వాత తీరుబడిగా వచ్చేవాడు. ఆదెమ్మని పిలిపించాడు.

"శత్రువుకి నీళ్ళు పోశావా?"

"పోశాను బాబయ్యా. మొదటిరోజు జెండా చూడలేదు."

"రెండోరోజు?"

"చూశాను."

ఇక తల పోయినట్టే అనుకుని ఆదెమ్మ కొంగు నడుముకి చుట్టుకుంది. పాత్రుడు నవ్వాడు. మీసం రెండు కొసలూ రెండు గోడలకి తగిలాయి.

"మంచి పని చేశావు. వాళ్ళు నీ నీళ్ళని నమ్మారు. రేపు నీ బానల్లో గన్నేరు పప్పు నూరి కలిపిస్తాను. గాలి వచ్చేలోగా, ఒక్క బాణం వెయ్యకుండా, ఓడ ఓడంతా అయిపోతుంది. మూడు మాటలు చెబుతాను, విను. ఒకటి, నువ్వు వెళ్ళాలి. రెండు, అక్కడ ఒక్క మాట మాట్లాడకూడదు. మూడు, నీళ్ళు ఇవ్వకుండా తిరిగి రాకూడదు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మీ పడవవాళ్ళ వాడలో ఒక్క గుడిసె మిగలదు. పిల్లా జెల్లా ఎవరూ మిగలరు. నా పడవ నీ వెనకే ఉంటుంది."

మూడోరోజు పొద్దున్న ఊట దగ్గర పాత్రుడి భటులే బానలు నింపారు. వాళ్ళే పొడి కలిపారు. వాళ్ళే కర్రతో తిప్పారు. ఊట పక్క గడ్డి మీద రెండు చుక్కలు పడితే అక్కడ మేస్తున్న ఎండ్రకాయ తిరగబడి కాళ్ళు ముడుచుకుంది.

కన్నమ్మ చంకలో పిల్లతో వచ్చి నిలబడింది. "పోసెయ్యే అక్కా," అంది ఏడుస్తూ. "మన గుడిసెలు కాల్చడానికే వచ్చారే వాళ్ళు."

"వచ్చారు."

"నువ్వు పొయ్యకపోతే వీళ్ళు కాలుస్తారు."

"కాలుస్తారు."

"మరి ఆలోచించడానికేటుందే?"

ఆదెమ్మ తెడ్డు చేతిలోకి తీసుకుంది. "నోరు తెరిచినోడు ఎవడైనా చంటిపిల్లాళ్ళాగే కనపడతాడే కన్నా. అదే వచ్చిన చిక్కు. నీళ్ళ పని మొదలెట్టకముందు ఎవరైనా ఈ మాట చెప్పుంటే, కూరల పడవ అడిగి తీసుకుందును."

దూరంగా కుండ వేలాడుతోంది. గేదె కదిలింది. కాస్త వెనగ్గా పాత్రుడి పడవ బయల్దేరింది. దారిలో ఆదెమ్మ ఎవర్నీ తిట్టలేదు. గేదెని తిట్టలేదు, ఎండని తిట్టలేదు, మొగుణ్ణి తిట్టలేదు. ఆ నిశ్శబ్దానికి రేవులో ఉన్న రాజుగారి నౌకలవాళ్ళందరూ అంచుల దగ్గరికి వచ్చి నిలబడి చూశారు.

సరంగు తాడుకి చెంబు కట్టి దించాడు. "ఏం పెద్దమ్మా, ఇవాళ తిట్లు లేవు?"

ఆదెమ్మ మాట్లాడలేదు. ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు మరి. చెంబు ముంచింది. నింపింది. వెనక పాత్రుడి పడవ వైపు ఒకసారి చూసింది. పైన సరంగు వైపు ఒకసారి చూసింది. ఒడ్డున ఉప్పు గాలికి నల్లబడిన తన వాడ వైపు ఒకసారి చూసింది.

వెళ్ళమన్నారు. మాట్లాడొద్దన్నారు. ఇవ్వకుండా తిరిగి రావద్దన్నారు. నువ్వు తాగొద్దని మాత్రం ఎవరూ అనలేదు.

చెంబెత్తి ఒక్క గుక్క తాగింది.

కొంగుతో మూతి తుడుచుకుని, బానకి వీపు ఆనించి కూర్చుంది. గన్నేరు తొందరపడదు. ఆమె కూడా తొందరపడలేదు. పైన అంచు పొడుగునా దాహంతో ఉన్నవాళ్ళు. తాడు ఊగుతోంది. నీళ్ళు పోస్తుందేమోనని వాళ్ళు చూశారు. కాసేపటికి ఆమె తల పక్కకి వాలింది. తెడ్డు జారి నీళ్ళల్లో పడింది.

సరంగు తాడు పైకి లాగేసుకున్నాడు. ఓడలో ఒక్కడూ ఒక్క చుక్క అడగలేదు.

పాత్రుడు తన పడవలో గెంతులు వేశాడు. "మాట్లాడొద్దన్నాను కదా!"

"మాట్లాడలేదు దొరా," అన్నాడు తెడ్డు వేస్తున్న భటుడు.

"వెళ్ళమన్నాను కదా!"

"వెళ్ళింది దొరా."

"నీళ్ళు ఇవ్వకుండా తిరిగి రావద్దన్నాను కదా!"

భటుడు గేదె వైపు చూశాడు. "రాలేదు దొరా."

వాడని కాల్చడానికి సాకు వెతుక్కుంటూ పాత్రుడు ఒడ్డుకొచ్చాడు. కానీ వెతుక్కునే తీరిక దొరకలేదు. సాయంత్రానికల్లా రాజుగారి నౌకల మీద కుండలు వేలాడాయి. పాత్రుడు ఇంకో పడవలో నీళ్ళు పంపాడు. నౌకలవాళ్ళు చెంబులు దించలేదు.

"ఇందులో ఏముంది?" అని అడిగారు పైనుంచి.

"నీళ్ళు," అన్నారు భటులు.

"ఆదెమ్మ బానల్లో ఉన్నదీ నీళ్ళేనన్నారు. ముందు మీరు తాగండి."

భటులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీళ్ళు నింపింది వాళ్ళు కాదు. ఎవరు నింపారో వాళ్ళకి తెలీదు. పడవ నిండు బానలతో వెనక్కి వచ్చింది. రెండోసారి పంపారు, వెనక్కి వచ్చింది. మూడోసారి పంపారు, వెనక్కి వచ్చింది. ఊట నిండా నీళ్ళు, బానల నిండా నీళ్ళు, నౌకల నిండా దాహం. రాజుగారికి కబురెళ్ళింది. రాజుగారి దగ్గర్నుంచి పాత్రుడికి ఒకే ఒక్క మాట వచ్చింది. ఎవరు తాగితే నౌకలవాళ్ళు నమ్ముతారో కనుక్కుని తాగించమని.

నమ్మేది ఒక్కర్నే. ఆ గన్నేరు కలిపించినవాణ్ణి.

వాడ వాళ్ళు వెళ్ళి ఆదెమ్మతో సహా గేదెని ఒడ్డుకి లాక్కొచ్చారు. కన్నమ్మ గేదె బానలన్నీ ఇసకేసి తోమి, నీళ్ళు నింపి, తెడ్డు పట్టింది. పాత్రుడు మధ్యలో కూర్చున్నాడు. మొదటి నౌక దగ్గర ఒక గుక్క తాగాడు. నౌకవాళ్ళు కాసేపు ఆగి, ఆయన తల పక్కకి వాలలేదని చూసుకుని చెంబులు దించారు. రెండో నౌక దగ్గర ఒక గుక్క. మూడో నౌక దగ్గర ఒక గుక్క. నౌకలు చూస్తే కొండలవరసలా ఉన్నాయి. సగం రేవు తిరిగేసరికి ఆయన పొట్ట గేదె పొట్టంత అయింది. చివరికొచ్చేసరికి మీసం కొసల్లోంచి నీళ్ళు కారాయి. కదిలితే లోపల అలలు కొట్టుకునే చప్పుడు ఒడ్డుకి వినపడింది.

"అయిపోయిందా?" అన్నాడు పాత్రుడు.

"ఇంకో కుండ ఉంది బాబయ్యా," అంది కన్నమ్మ, రేవు ముఖం వైపు చూపిస్తూ.

పాత్రుడు నౌకల వైపు చూశాడు. రాజుగారి నావికులందరూ అంచుల మీదికి వంగి ఆయన్నే చూస్తున్నారు. కన్నమ్మ అప్పటికే గేదెని అటు తిప్పింది.

మొసలి జెండా ఓడ కింద కూడా ఆయన ఒక గుక్క తాగాడు. సరంగు ఆయన మొహం చాలాసేపు చూశాడు. తర్వాత చెంబు దించాడు.

తెల్లారి గాలి వచ్చింది. ఆ ఓడ తెరచాప ఎత్తి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. వాళ్ళు మంచివాళ్ళైపోయారని కాదు. మరుసటేడు ఇంకెవరిదో రేవు తగలబెట్టారట. ఈ రేవుకి మాత్రం మళ్ళీ రాలేదు. వాడ వాళ్ళు ఆదెమ్మని ఊట పక్కన పాతిపెట్టారు. పాత్రుడు తర్వాత ఎంతకాలం బతికాడో తెలీదు గానీ, ఎవరైనా మంచినీళ్ళివ్వబోతే పరిగెత్తేవాడట.

ఇప్పుడు తెడ్లు లేవు. నీళ్ళ పడవలన్నీ ఇనపవి, ఇంజన్లతో నడుస్తున్నాయి. బానల బదులు రబ్బరు గొట్టాలొచ్చాయి. అయినా ఆ రేవులో గొట్టం పైకి అందించేముందు పడవలో ఉన్నవాడు దోసిలి పట్టి ఒక గుక్క తాగుతాడు. భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకుంటాడు. దాన్ని ఆదెమ్మ గుక్క అంటారు. అది అయ్యేదాకా, పైన ఉన్నది ఎంత పెద్ద ఓడైనా, దాని మీద ఎంత పెద్ద దొరున్నా, ఎంత దాహమేసినా, అంచు దగ్గర నిలబడి కిందవాడి మొహంలోకి చూస్తూ ఆగాల్సిందే.