టాప్ మోడల్ మీద చిట్టెమ్మ

“ఈ దీపావళికి మా అమ్మని కార్లో కూర్చోబెట్టి పిన్ని ఊరు తీసుకెళ్తాను. మాట తప్పితే నా పేరు ఏకాంబరం కాదు!”

టీకొట్టు దగ్గర పదిమంది ముందు బుర్రా ఏకాంబరం తొడగొట్టి చెప్పిన మాట ఇది. “ఊళ్ళో వాళ్ళకి బుర్ర తలకాయలో ఉంటుంది, మాకు ఇంటిపేరులోనే ఉంది” అని ఆ ఇంట్లో అందరికీ మహా గర్వం.

దీపావళి వచ్చింది, టపాకాయలు పేలాయి, కారు మాత్రం రాలేదు. అంతే, మర్నాటి నుంచి అతను ఏకాంబరం కాడు. తల్లి చిట్టెమ్మ “ఒరే” అనడంతో సరిపెట్టుకుంది. తమ్ముడు పీతాంబరానికి ఎలాగూ “అన్నయ్య” ఉంది. భార్యకి ఏ ఇబ్బందీ లేదు, ఆవిడ ఏనాడు మొగుడి పేరు పలికింది గనక!

కరెంటు బిల్లు కొట్టే అతను వచ్చి, “ఏకాంబరం గారున్నారా?” అన్నాడు.

“లేరండి. దీపావళితో సరి,” అన్నాడు పీతాంబరం.

ఇంకేముంది, సాయంత్రానికి ఊరు ఊరంతా పరామర్శకి దిగింది. ఏకాంబరం కూడా వాళ్ళ మధ్య కూర్చుని, “మంచివాడండీ, మాట నిలబెట్టుకోలేకపోయాడు గానీ,” అని కళ్ళు తుడుచుకున్నాడు. వచ్చినవాళ్ళు అతన్నే ఓదార్చి వెళ్ళారు.

కానీ పేరు లేని బతుకు ఎన్నాళ్ళు? అమ్మ కార్లో పిన్ని గుమ్మంలో దిగితే చాలు, తన పేరు తనకొస్తుంది. ఆ ఆశతో, ఇన్నాళ్ళూ అన్నం పెట్టిన గేదెల్ని అమ్మేసి, సంక్రాంతి వెళ్ళి ఫిబ్రవరి రాగానే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పట్నంలో కార్ల షోరూంకి వెళ్ళాడు.

అక్కడ ఝాన్సీ అనే అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. “ఏ మోడల్ చూపించమంటారు సార్? బేస్ ఉంది, మిడ్ ఉంది, టాప్ ఉంది.”

ఇంగ్లీషు బాధ్యత పీతాంబరానిది. ఇంటర్ మూడుసార్లు రాసినవాడు. “బేస్ అంటే పునాది అన్నయ్యా. మిడ్ అంటే నడుము. టాప్ అంటే పైకప్పు.”

“పునాది ఒక్కటీ కొనుక్కెళ్తే నవ్విపోతారురా. చూడమ్మా, మూడూ కలిపి ఒక బండి కట్టియ్యి.”

“మూడూ ఒకే బండి సార్. పేర్లే వేరు.”

“మరి ధర?”

“అదీ వేరే సార్.”

సరుక్కి పేరు పెట్టడం పాతకాలం. పేరుకి వెలకట్టి, సరుకుని కొసరుగా ఇచ్చే కాలం ఇది! జనం చొక్కా గుండీలు కూడా లాగే ఈ కిటుకు బుర్రా వారికి అర్థమైతేగా? “అన్నిటికన్నా పెద్ద పేరున్నదే ఇయ్యి,” అన్నాడు ఏకాంబరం. పేరు పోయినవాడికి పేరు మీదే కదా యావ! ‘స్మార్ట్ టాప్ ఓ’ అన్న బండిని షోరూం డ్రైవరు తెచ్చి, ఇంటి ముందు పెట్టి, బస్సెక్కి వెళ్ళిపోయాడు.

“స్మార్ట్ అంటే తెలివైనది,” అన్నాడు పీతాంబరం. “దానికి మనం దారి చూపిస్తే అవమానం.” అంతే, తల్లీకొడుకులు ముగ్గురూ బండి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“అమ్మా కారూ, పిన్ని ఊరు కొండపాలెం వెళ్ళాలి,” అన్నాడు ఏకాంబరం. కారు కదల్లేదు.

“వెనక ‘ఓ’ అని రాసుందిగా. పిలిస్తే ‘ఓ’ అంటుందేమో!” అన్నాడు పీతాంబరం.

చిట్టెమ్మ గొంతు సవరించుకుంది. “ఏమే! ఓసే కారూ!” గంటసేపు పిలిచింది. గొంతు బొంగురుపోయింది గానీ అవతలనుంచి ‘ఓ’ రాలేదు. “కొత్తకోడలు లాంటిది కదరా, సిగ్గు. ఎక్కి కూర్చుంటే అదే కదులుతుంది,” అని తలుపు మీద చెయ్యేసింది.

“ఆగమ్మా!” అరిచాడు ఏకాంబరం. “మనం కొన్నది టాపు. లోపలి సీట్లు ఎవరివో ఏమో! ముట్టుకుంటే దొంగతనం.”

ఇంకేముంది, కారు కప్పు మీద కుర్చీ వేసి, కుర్చీని తాళ్ళతో బిగించి, అమ్మని ఎక్కించారు. చెరోపక్కా అన్నదమ్ములు కూర్చున్నారు. పొరుగింటి సూరిబాబు ట్రాక్టరుకి కట్టి లాగించారు.

“లోపల కూర్చుంటే ఏం పోయె పెద్దమ్మా?” అన్నాడు సూరిబాబు నోరెళ్ళబెట్టి.

“పరాయి సొత్తు మాకెందుకు నాయనా!”

దారిపొడవునా చింతకొమ్మలు చిట్టెమ్మ కొప్పు ఊడదీశాయి, కాకులు వెంటపడ్డాయి, పెళ్ళి ఊరేగింపనుకుని ఎవరో అక్షింతలు చల్లారు. ఎలాగైతేనేం, కొండపాలెం చేరారు. చెల్లెలు పరిగెత్తుకొచ్చింది.

“అక్కా! కార్లో వచ్చావటే!”

ఏకాంబరం ఊపిరి బిగబట్టాడు. ఒక్క ‘అవును’ చాలు.

చిట్టెమ్మ అబద్ధమాడి ఎరగదు. “కార్లో ఎక్కడే! కారు మీద వచ్చాను.”

అంతే. పేరు మళ్ళీ పోయింది.

మర్నాడే షోరూంలో ఝాన్సీ ముందు బల్ల గుద్దాడు. “మీ బండికి స్మార్టు, టాపు, ఓ అని మూడు పేర్లు! దాన్ని కొన్న మనిషికి ఒక్కటీ లేదు! ఇదేం న్యాయం? అందులో ఒకటి తీసి నాకిస్తారా, ఇవ్వరా? ఈ నెలాఖరులోగా చెప్పాలి!”

“ఈ నెల ఇరవై ఎనిమిదితోనే అయిపోతుందన్నయ్యా,” అని పీతాంబరం చెవిలో గొణిగాడు. “మరీ తొందరపెట్టినట్టుంటుంది. మనం మర్యాదస్థులం. ఇంకో రెండ్రోజులిద్దాం.”

ఏకాంబరం మెత్తబడ్డాడు.

“సరే పాపం. ఫిబ్రవరి ముప్పయ్యో తారీఖులోగా జవాబు రావాలి!”