తుంపరపేట తాంబూలం

అనగనగా, కొండలు ఒకదానితో ఒకటి ఇంకా కబుర్లాడుకుంటున్న కాలంలో, ఒక వాగు ఒడ్డున తుంపరపేట అనే చిన్న పట్నం ఉండేది.

వాగుకు అవతల ఒక జలపాతం. దాని అందం చెప్పాలంటే మాటలు చాలవు. పొద్దున చూస్తే కొండ తలంటుకుని, ఎవరికోసమో జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టు ఉండేది. సాయంత్రం చూస్తే, ఆ ఎవరో రాలేదని అలిగి అటు తిరిగినట్టు ఉండేది. గాలి ఇటు మళ్ళిందంటే చాలు, దాని తుంపర వాగు దాటి వచ్చి ఊళ్ళో ఆరేసిన బట్టల మీద పడేది. అందుకే ఆ ఊళ్ళో బట్టలు సరిగా ఆరేవి కావు, మనుషులకు సరిగా కోపం వచ్చేది కాదు.

ఒక్క పేరిందేవికి తప్ప.

పేరిందేవి ఆ ఊరి పూటకూళ్ళమ్మ. దారిన పోయేవాళ్ళకు వేడివేడి అన్నం, పప్పు, పులుసు వడ్డించి బతికేది. జలపాతం చూడ్డానికి జనం వస్తే ఆమె పొయ్యి వెలిగేది, రాకపోతే ఆరేది. ఆమెకు ఒక్కతే కూతురు, పేరు చెంగల్వ. అల్లుడు ఉప్పు బళ్ళు తోలుకుని సముద్రం వైపు వెళ్ళాడు. చెంగల్వ వేవిళ్ళతో పుట్టింటికి వచ్చింది.

ఆ రోజునుంచీ పేరిందేవికి వాగును చూస్తే గుండె దడ. ఎందుకంటే మంత్రసాని ఎర్రక్క ఉండేది వాగుకు అవతల. మామూలు రోజుల్లో పుట్టి పడవ ఎక్కి వచ్చేది. ఆషాఢంలో వాగు పొంగితే పుట్టి తిరగదు. అవతల గూడేల్లోనూ కాన్పులుంటాయి కనుక ముందే వచ్చి ఇక్కడ కూర్చోనూలేదు. పోయిన ఆషాఢంలో కుమ్మరి గురవయ్య కోడలు నొప్పులు పడుతుంటే, ఎర్రక్క అవతలి ఒడ్డున నిలబడి ఏం చెయ్యాలో కేకలేసి చెప్పింది. నీటి హోరులో ఒక్క ముక్కా వినపడలేదు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. చెంగల్వకు నెలలు నిండేది ఆషాఢంలోనే.

"వంతెన కావాలి. వాగు మీద వంతెన. అంతే," అనుకుంది పేరిందేవి.

ఆ ఊరికి సంత సుంకం ఒక పెద్ద బిందెలో చేరేది. పంటలయ్యాక ఒకసారి, వానలకు ముందు ఒకసారి ఊరంతా చావడిలో కూర్చుని, ఆ సొమ్ము దేనికి ఖర్చు పెట్టాలో తేల్చేవాళ్ళు. తేల్చే పద్ధతి ఏమిటంటే తాంబూలం. ఏదైనా కావాలన్నవాళ్ళు ఆ మాట చెప్పి, ఆకూ వక్కా ఉన్న పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి ముందూ నిలబడాలి. ఆకందుకుంటే ఔనన్నట్టు. నచ్చని మాటకు ఎవరైనా ఆకందుకుంటారా అని పెద్దలెప్పుడో పెట్టిన పద్ధతి.

కానీ తుంపరపేట వాళ్ళ మర్యాద పెద్దలకేం తెలుసు? నవ్వుతూ ఎదురుగా నిలబడి పళ్ళెం చాచిన మనిషిని కాదంటే ఎంత అప్రతిష్ఠ! అందుకని ఎవరేమడిగినా అందరూ అందుకునేవాళ్ళు. ఆ ఊళ్ళో కాదన్న మాట పుట్టనే లేదు.

కార్తీకంలో సభ కూడింది. ముందుగా ఊరిపెద్ద కుప్పయ్య శెట్టి లేచాడు.

"అమ్మలారా, అయ్యలారా! మన జలపాతం లాంటిది ఎక్కడుంది చెప్పండి? కానీ వచ్చేవాడికి ఊరొచ్చిందని తెలియాలా వద్దా? పొలిమేరలో తోరణద్వారం కట్టిద్దాం. ఇటో ఏనుగు, అటో ఏనుగు. చూసినవాడు నోరు తెరిచి మళ్ళీ ముయ్యకూడదు!"

పళ్ళెం తిరిగింది. అందరూ అందుకున్నారు. పేరిందేవికి ఒళ్ళు మండింది. 'ఏనుగొచ్చి పురుడు పోస్తుందా?' అనుకుంది. కానీ ఆమె వంటింటికి బియ్యమూ పప్పూ పంపేది ఆ శెట్టే. నవ్వుతూ నిలబడ్డాడు కూడాను. అందుకుంది. నమిలింది.

తర్వాత డోలు నాంచారయ్య లేచాడు. ఊళ్ళో మేళం ఆయనదే.

"ద్వారం కడితే సరా శెట్టిగారూ? ద్వారం ఉందని నలుగురికీ తెలియొద్దూ? మా మేళాన్ని చుట్టుపక్కల పట్నాలకు పంపండి. డోలు మోగించి, సన్నాయి ఊది, మన జలపాతం గొప్ప చాటి వస్తాం."

పళ్ళెం తిరిగింది. అందరూ అందుకున్నారు. చెంగల్వ పెళ్ళికి సన్నాయి ఊదింది నాంచారయ్య తమ్ముడే. పేరిందేవి పళ్ళు నూరుకుంటూనే అందుకుంది.

చివరికి పేరిందేవి లేచి వంతెన మాట చెప్పింది. గురవయ్య కోడలి సంగతీ చెప్పింది. జలపాతం దగ్గరికి పోయేవాళ్ళకూ అదే దారి అవుతుందని చెప్పింది. పళ్ళెం పట్టుకుంది. ఒక్కరూ కాదనలేదు! శెట్టి అయితే రెండాకులు తీసుకున్నాడు.

ఆమె ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మడూ, వంతెన వచ్చేస్తోందే!"

వచ్చింది. కానీ ఎట్లా వచ్చింది?

మూడింటికీ ఊరంతా ఔనంది కదా. ఎవరి మనసూ నొప్పించకూడదని సొమ్మును మూడు వాటాలు చేశారు. తోరణద్వారానికి ఒక్క స్తంభం లేచింది, దాని మీద ఏనుగు తొండం మాత్రం చెక్కారు. మేళంవాళ్ళు పొరుగు పట్నం వెళ్ళి "రండి, రండి, జలపాతం చూసి తరించండి!" అని చాటారు. అది ఎక్కడుందో చాటేలోపు వాళ్ళ వాటా అయిపోయింది. విన్న జనం ఎగబడి పక్కూరి రాళ్ళగుట్టకు పోయి, ఇందులో నీళ్ళేవని అక్కడివాళ్ళతో తగువు పెట్టుకున్నారు. ఇక వంతెన. అది ఈ ఒడ్డునుంచి ఠీవిగా బయలుదేరి, వాగులో కొంత దూరం పోయి, ఏదో మర్చిపోయినట్టు ఆగిపోయింది.

పేరిందేవి ఆ చెక్కల చివర నిలబడి కిందికి చూసింది. నీళ్ళు నవ్వుకుంటూ పోతున్నాయి.

శెట్టి దగ్గరికి పోయింది. "అన్నయ్యా, మిగతా వంతెన ఎప్పుడు?"

"అయ్యో తల్లీ, కట్టేద్దాం! తప్పకుండా!" అని ఆకు చేతిలో పెట్టాడు. నెల గడిచింది.

నాంచారయ్య దగ్గరికి పోయింది. "నీ మాటే నా మాట అక్కయ్యా! రేపే శెట్టితో చెబుతా," అని వక్క చేతిలో పెట్టాడు. మరో నెల గడిచింది.

"ఔనంటారే! అందరూ ఔనే అంటారే! ఈ ఊళ్ళో ఒక్కడన్నా నా మొహం మీద కుదరదు పో అంటే, కూర్చుని ఏడ్చి ఇంకో దారన్నా చూసుకుందును!" అని గరిటె విసిరి కొట్టింది పేరిందేవి.

చెంగల్వ గోడకు జారగిలబడి, వాచిన కాళ్ళు చాపుకుని కూర్చునుంది. మెల్లగా అంది: "అమ్మా, ఆ ఏనుగులకు నువ్వూ ఔనన్నావుగా. ఆ రోజు ఇంటికొచ్చేసరికి నీ నోరూ ఎర్రగానే ఉంది."

 పొయ్యి మీద పులుసు పొంగిపోతున్నా పేరిందేవి కదల్లేదు.

ఇంతలో, దారి తప్పి అటువచ్చిన ఒక కొత్త జంట ఆ వంతెన చివరి దాకా నడిచారు. ఎదురుగా జలపాతం, చుట్టూ తుంపర, తుంపరలో ఇంద్రధనుస్సు ముక్క. పిల్లవాడు ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. "ఎంత బావుందో! ఆగిపోయిన వంతెన! ఎవరో మనసున్నవాళ్ళే కట్టుంటారు," అందా పిల్ల.

ఆ మాట శెట్టి చెవిన పడింది. ఇంకేముంది!

జ్యేష్ఠంలో మళ్ళీ సభ కూడింది. ఆకాశం అప్పటికే మబ్బుపట్టి ఉంది. శెట్టి ఉబ్బిపోతూ లేచాడు.

"వంతెన పూర్తి కాకపోవడమే మన అదృష్టం! ఇట్లాంటిది ఏ ఊళ్ళోనూ లేదు. దాన్ని అట్లాగే ఉంచి, అటూ ఇటూ పూలతీగలు అల్లిద్దాం, చివర ఒక ఊయల వేయిద్దాం. దేశదేశాల జంటలు వరస కడతాయి!"

ఆహా అన్నారు అందరూ. పళ్ళెం తిరిగింది. ఒకరు అందుకున్నారు, ఇంకొకరు అందుకున్నారు, పళ్ళెం పేరిందేవి ముందుకొచ్చింది.

ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

 శెట్టి నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు.

"ఏమ్మా? ఆకు వాడిందా?"

"ఆకు బానే ఉందన్నయ్యా."

"పోనీ సున్నం ఎక్కువైందా?"

"సున్నమూ బానే ఉంది. మాటే బాగాలేదు. నేను తీసుకోను."

"నీ వంతెనకే కదమ్మా తీగలల్లిస్తానంటున్నది! నీ మీద గౌరవం కొద్దీ!"

"ఎర్రక్క పూలతీగ పట్టుకుని వాగు దాటుతుందా అన్నయ్యా?"

అందరూ ఊళ్ళోకెల్లా పెద్దవాడైన తాతబ్బాయి గారి వైపు తిరిగారు. "తాతా, ఎవరైనా కాదంటే ఏం చెయ్యాలి?"

తాతబ్బాయి గారు తల గోక్కున్నాడు. "నేనెరగనర్రా. మా తాత కాలంలోనూ ఎవరూ అనలేదు. ఎందుకు వద్దో ఆవిడ చెప్పాలి, మీరు వినాలి. ఇంకేముంటుంది?"

అప్పుడు పేరిందేవి చెప్పింది. 

"నాకూ జనం రావాలి. రాకపోతే నా పొయ్యే వెలగదు. కానీ ఊరివాళ్ళే దాటలేని వాగు దగ్గరికి పరాయివాళ్ళను పిలిచి, ఊయల ఊపి పంపుతామా? ఎక్కడికీ చేరని వంతెన చూసి మురిసిపోవడానికి ఆ జంట మళ్ళీ వస్తారో రారో. ఆషాఢం మాత్రం వస్తుంది. నా కూతురి కాన్పు వస్తుంది. పోయినసారి ఏనుగులకు నేనూ ఔనన్నాను. మొహమాటానికన్నాను. అది నా తప్పు. ఇవాళ అనను."

వెనక వరసలోంచి కుమ్మరి గురవయ్య లేచాడు. మెల్లగా నడిచి వచ్చి, చేతిలో ఉన్న ఆకును తిరిగి పళ్ళెంలో పెట్టాడు.  పోయినేడు పోయింది అతని మనవడే.

దాంతో ఒకరి తర్వాత ఒకరు లేచారు. పళ్ళెం నిండిపోయింది.

"నేను నమిలేశానే! నా సంగతేంటి?" అని గోలపెట్టాడు నాంచారయ్య.

"బయటికెళ్ళి ఉమ్మెయ్యవయ్యా!" అన్నాడు తాతబ్బాయి గారు. చావడంతా గొల్లుమంది.

శెట్టి ఆ నిండు పళ్ళెం కింద పెట్టాడు. "నిజం చెప్పొద్దూ, ఆ ఏనుగులు నాకూ అంత నచ్చలేదు. మా బావమరిది చెప్పాడు, కాదనలేకపోయాను," అన్నాడు.

ఇక చూడండి! బిందెలో ఉన్నదంతా వంతెనకే అన్నారు. పొలిమేరలోని ఒంటి స్తంభాన్ని విప్పి ఆ రాళ్ళతోనే వాగులో కాళ్ళు కట్టారు. శెట్టి కొత్త కొట్టు కోసం తెప్పించుకున్న టేకు దూలాలు ఇచ్చాడు. నాంచారయ్య డోలు కొడుతుంటే ఆ దెబ్బకు దెబ్బగా మేకులు దిగాయి. పైన మబ్బులు ఉరుముతున్నాయి, కింద పేరిందేవి అరుస్తోంది. "మాట్లాడింది చాలు, చెక్క అందించండయ్యా!"

చివరి చెక్క అవతలి ఒడ్డున ఆనిన వారానికే వాగు పొంగింది. పట్టపగలు జోరున వాన కురుస్తుంటే చెంగల్వకు నొప్పులు మొదలయ్యాయి. ఎర్రక్క గోనెసంచి నెత్తిన కప్పుకుని, వంతెన మీద చకచకా నడుచుకుంటూ, తిట్టుకుంటూ వచ్చింది. "ఇన్నేళ్ళకు గుర్తొచ్చానట్రా మీకు? జరగండి, వేణ్ణీళ్ళు పెట్టండి!"

బిడ్డ అడ్డం తిరిగింది. ఎర్రక్క చేతులే లేకపోతే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. పొద్దు వాలకముందే ఆడపిల్ల కేరుమంది. పేరిందేవి గుమ్మంలో కూలబడి, వాన చినుకులతో కలిసి ఏడ్చింది.

వానలు వెలిశాక, వంతెన దాటి జలపాతం పాదాల దాకా పోవచ్చని తెలిసి జనం రావడం మొదలుపెట్టారు. ఒకరు చూసి పదిమందికి చెప్పారు. పూటకూళ్ళ ఇంటి పొయ్యి ఆరే తీరికే లేదు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. సభ కూడింది. ఈసారి నాంచారయ్య మంచి మాటే చెప్పాడు. వంతెన పక్కన ఒక పాక వేస్తే, వానొస్తే మనవాళ్ళూ వచ్చినవాళ్ళూ తలదాచుకుంటారు అన్నాడు. పళ్ళెం తిప్పాడు.

మొదటివాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. రెండోవాడూ పెట్టుకున్నాడు. ఊరంతా చేతులు వెనక్కి పెట్టుకుని, గర్వంగా పేరిందేవి వైపు చూసింది.

"ఎందుకు వద్దు?" అంది పేరిందేవి, చంకలో మనవరాలిని ఎగదోసుకుంటూ.

"ఎందుకేంటమ్మా! నువ్వే కదా నేర్పావు!"

పేరిందేవి నెత్తి కొట్టుకుంది. "ఓరి నా తండ్రుల్లారా! మీతో వేగడం నా వల్ల కాదర్రా! కూర్చోండి, అందరూ కూర్చోండి. ఎందుకు వద్దో చెప్పినవాళ్ళకే ఇవాళ నా ఇంట్లో భోజనం."

అందరూ కూర్చున్నారు. ఆలోచించారు. ఎంత ఆలోచించినా పాక ఎందుకు వద్దో ఒక్కరికీ తట్టలేదు. పాక ఎక్కడ వెయ్యాలి, ఎవరు ఊడవాలి అన్న మాటలు మాత్రం బోలెడు పుట్టాయి. అవన్నీ తేలాకే ఒక్కొక్కరూ ఆకందుకున్నారు. పేరిందేవి విసుక్కుంటూనే అందరికీ వడ్డించింది.

కాబట్టి పిల్లలూ, ఔనన్నా కాదన్నా ఎందుకో చెప్పగలిగినప్పుడే అది మాట అవుతుంది. మొహమాటానికి ఔనన్నా, గొప్పకు కాదన్నా అది వట్టి నోరు కదపడమే.